చేర్చని మూడక్షరాలు

కోటవంక,
11-3-1928, ఆదివారం మధ్యాహ్నం.

ప్రభువునందు ప్రియమైన మీకు, జ్ఞానమణి వందనాలు చెప్పుకుని రాసే సంగతులు.

దేవుని కృపవల్ల ఇక్కడ అత్త, నేను, తెల్ల మేక, అది పోయిన నెల ఈనిన రెండు పిల్లలు, అందరం కులాసా. కడపలో మీరూ, మీరు కలిపిచ్చిన మందు తాగి కూడా లేచి తిరుగుతున్న రోగులూ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం చేరి పన్నెండు రోజులైంది. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు కోపం తెచ్చుకోకండి. మూడుసార్లు కూర్చున్నాను. రెండుసార్లు నేనే చింపేశాను, మూడోసారి రాసింది మేకపిల్ల తినేసింది. ఈసారి తలుపుకు గొళ్ళెం పెట్టి రాస్తున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అత్త మోకాళ్ళ నొప్పి ఎండలు ముదిరాక కొంచెం తగ్గింది. మీరు పంపిన తైలం రెండు పూటలా రాసుకుంటోంది. వెనక గోడ కూలినచోట మట్టి పెట్టించాను. బడిలో పేర్లు నలభైమూడు ఉన్నాయి కానీ వచ్చేది ముప్పై మందే, తక్కినవాళ్ళను పత్తి తీయడానికి పంపిస్తున్నారు. నా దగ్గు పోయింది. నిద్ర పడుతోందా అన్నారు, పట్టడం లేదు. ఎందుకో కింద రాస్తాను. 

కమిటీ పని ఎలా ఉందని ఒక్క ముక్కలో అడిగారు. ఒక్క ముక్కలో చెప్పాలంటే అలసిపోయాను. రెండేళ్ళ కిందట గవర్నమెంటు వాళ్ళు నన్ను మునిసిపాలిటీకి నియమించినప్పుడు మీరు ఎంత సంబరపడ్డారో గుర్తుంది. ఆడవాళ్ళ తరఫునొకరు, క్రైస్తవుల తరఫునొకరు కావాలంటే ఒక్క కుర్చీతో ఇద్దరినీ సరిపెట్టారని నేను నవ్వాను. ఇప్పుడు ఆ కుర్చీ నుంచి లేచేసరికి నడుము పట్టేస్తోంది. టౌను ప్లానింగు కమిటీలో ఐదుగురం. ఊరికి కొత్త ప్లాను గీయాలి, బజారు వీధి వెడల్పు చేయాలి, కొళాయి గొట్టాలు వేయించాలి, మార్కెట్టు వెనకున్న పాయిఖానాను ఇంకోచోటికి మార్చాలి. ఇంతే పని. పదకొండు నెలలైంది.

బజారు వీధిని ఓవర్సీరు మొదట స్కేలు పెట్టి తిన్నగా గీశాడు. ఇప్పుడు ఆ గీత చూస్తే మీకు నవ్వొస్తుంది. ఒక్కొక్క మీటింగుకు ఒక్కొక్క వంపు తిరిగింది. ఏ వంపు ఎవరి అరుగు కోసమో నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత బడి ప్రహరీ గోడ మీదికి గీత వచ్చింది. ఆ రోజు నేనూ లేచి నిలబడి అర్ధగంట మాట్లాడాను, గీత మూడడుగులు పక్కకు జరిగింది. జరిగి ఎదురుగా ఉన్న కమ్మరి కొలిమి మీద పడింది. కమ్మరి సుంకన్న తరఫున మాట్లాడేవాళ్ళు కమిటీలో ఎవరూ లేరు. అప్పటినుంచి వేరేవాళ్ళ వంపులను తప్పుపట్టడం మానేశాను.

మీటింగు మధ్యలో కాఫీ వస్తుంది. అందరికీ వెండి లోటాలు, నాకు విడిగా పెట్టిన సత్తు లోటా. నేను పట్టించుకోవడం మానేశాను, మీరూ పట్టించుకోకండి. అందులోనూ కాఫీ వేడిగానే ఉంటుంది.

ఇప్పుడు పాయిఖానా సంగతి. ఇది ఇంతవరకూ మీకు రాయలేదు. దానికి మూడు చోట్లు చూశారు. ఒకటి దర్గా పక్కనున్న మైదానం, రెండోది జవుళి అంగళ్ళ వెనక, మూడోది వంక దాటి మన పేట మొదట్లో ఉన్న పోరంబోకు. మొదటి దానికి మా కమిటీలోని హుసేన్ ఖాన్ సాహెబు ఒప్పుకోలేదు. ఆయన గొంతెత్తి మాట్లాడే మనిషి కాదని మీకు తెలుసు. "అమ్మా, బుజుర్గులు, మా పెద్దలు, పడుకున్న జాగా అది. ఆడ పాయిఖానా కట్టనిస్తే మావాళ్ళు నన్ను ఊర్లో బతకనిస్తారా?" అన్నారు. రెండో దానికి చైర్మన్ వెంకటేశ్వర్లుగారు ఒప్పుకోలేదు. గాలి అటునుంచి గుడి మీదికి వీస్తుందన్నారు. నిజంగానే వీస్తుంది, నేను వెళ్ళి నిలబడి చూశాను. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కరైనా అబద్ధం చెప్పివుంటే పోట్లాడేదాన్ని, ఇంత అలసట ఉండేది కాదు.

మూడో చోటికి ఇద్దరు సరే అన్నారు, ఇద్దరు వద్దన్నారు. వద్దన్నవాళ్ళు మన మీద ప్రేమతో అనలేదు, చైర్మన్ మీద కోపంతో అన్నారు. నా ఓటు మిగిలింది. మరుసటి రోజు చైర్మన్ గారే బడికి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు, వసారా బయట ఎండలో నిలబడే మాట్లాడారు.

"మీ పేటకు నీళ్ళొచ్చే దారి ఇదొక్కటే ఉండాది అమ్మా. వంక దాటించి గొట్టం వేయిస్తా, రెండు కొళాయిలు పెట్టిస్తా. అదీ ఇదీ ఒకే తీర్మానంలో రాసేద్దాం. ఈ సారి తప్పిపోతే మళ్ళా ఐదేండ్లు ఎవురూ ఆ ఊసెత్తరు."

ఆయన వెళ్ళాక హాజరు పట్టీ తీసి చూశాను. కిందటేడాది కాక ముందటేడు కలరా వేసవిలో నేను కొట్టేసిన నాలుగు పేర్లు అందులో ఉన్నాయి. మీరు సెలవు పెట్టి వచ్చి తొమ్మిది రోజులు ఇంటింటికీ మందు పోశారు. పదకొండు మందిని పోగొట్టుకున్నాం. వంకలో ఇసుక తవ్వి తోడిన చెలమ నీళ్ళు తాగినన్నాళ్ళూ మీ మందు ఏమీ చేయలేదని మీరే అన్నారు. ఆ మాట నా చెవుల్లోనే ఉంది. సరేనని ఓటు వేశాను. మీకు మాత్రం "పేటకు రెండు కొళాయిలు సాధించాను" అని రాసి ఊరుకున్నాను. మీరు బదులుగా "నా భార్య సాధించింది అని దవాఖానాలో అందరికీ చెప్పాను" అని రాశారు. ఆ వాక్యం చదివినప్పటినుంచే నిద్ర పోయింది. 

ఓటు ఒక్కటే సరిపోదట. కొత్త కట్టడానికి వంద గజాల లోపల ఉన్నవాళ్ళు మాకు ఆక్షేపణ లేదని సంతకాలు చేయాలట. మన ఇల్లే మొదటిది, అరవై గజాలు. మునిసిపల్ గుమాస్తా గిడ్డయ్య తెలుగులో నోటీసు తయారుచేశాడు. పాయిఖానా అని రాయడానికి ఆయనకు సిగ్గు. "పేట తూర్పున మునిసిపల్ దొడ్డి కట్టుటకు" అని రాశాడు. ఊళ్ళోవాళ్ళకు అది చాలు, వాళ్ళ ఇళ్ళల్లో దొడ్డి అంటే ఒకటే, పాయిఖానా. మన పేటలో ఎవరికి ఉంది అలాంటి దొడ్డి? చెంబు పట్టుకుని వంక గట్టుకు పోయేవాళ్ళమే అందరం. పేటలో దొడ్డి అంటే పశువులను కట్టేది, లేకపోతే చేలల్లో పడ్డ గొడ్లను తోలుకుపోయి పెట్టే బందెలదొడ్డి. బందెలదొడ్డిని కూడా ఊరిబయటికి మారుస్తారని రెండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నారు.

జనవరిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మన ప్రార్థన గుళ్ళోనే అందరినీ కూర్చోబెట్టి నోటీసు చదివాను. కొళాయిల మాట రాగానే ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. దొడ్డి మాట రాగానే ఇంకా సంతోషపడ్డారు. "పేడంతా మనదే గదా! పిడకలకు ఇంక యాడికీ పోబల్లే" అంది ఒకామె. మీ సుందరం చిన్నాయన, సంఘ పెద్ద, నా పక్కకు వచ్చి, "పంతులమ్మా, ఆ దొడ్డికి కావలి నన్ను పెట్టమని చైర్మన్ కు ఒక మాట చెప్పు. గొడ్ల మధ్యే పుట్టినోణ్ణి" అన్నాడు. ముప్పైఒకటి వేలిముద్రలు, ఆరు సంతకాలు పడ్డాయి.

ఫిబ్రవరి ఇరవయ్యో తేదీన నీళ్ళు వచ్చాయి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట వస్తాయి. మొదటి రోజు ముసలివాళ్ళు కూడా వచ్చి కొళాయి కింద చేయి పెట్టి చూశారు. అత్త ఒక పుక్కిలి తాగి, "సప్పగుండాయి. వంక నీళ్ళకుండే రుసి దీనికి యాడిది?" అంటూనే రెండు బిందెలు నింపింది. నీళ్ళు ఎలా ఉన్నాయని అడిగారు కదా, ఇదే జవాబు. చప్పగా, శుభ్రంగా ఉన్నాయి. వంకలో చెలమలు తీయడం మానేశారు. ఆ వారం రోజులు నాకు కడుపు నిండినట్టుండేది.

పోయిన సోమవారం పునాదులు తవ్వడం మొదలుపెట్టారు. మీ చిన్నాయన కావలి ఉద్యోగం వచ్చినట్టే లెక్కేసుకుని పొద్దున్నే అక్కడికి పోయి నిలబడ్డాడు. రెండు వరసలు, వరసకు పన్నెండు గదులు. ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పు. ఆయన ఆ చివరినుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచి చూసి, తవ్వేవాణ్ణి అడిగాడట.

"ఏమప్పా, ఇంత ఇరుకు గాట్లో ఏ ఎనుము పడుతుందప్పా? దూడైనా తిరుక్కోలేదే!"

"ఎనుములకు కాదు పెద్దాయనా, మనుషులు కూసునేదానికి."

తవ్వేవాళ్ళంతా నవ్వారట. ఆయన నవ్వలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో బడికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తలగుడ్డ చేతిలో ఉంది. పిల్లల ముందు మాట్లాడలేక బయటికి రమ్మని సైగ చేశాడు. ఊరి పాయిఖానా మన ముంగిట్లో కడతాండారని చెప్పాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, నాకు మామ వరస, నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

గురువారం సాయంత్రం సంఘ పెద్దలు నలుగురు మన ఇంటికి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. తప్పంతా గిడ్డయ్యది అని తేల్చుకుని వచ్చారు. చదువుకున్నవాడు, కావాలనే మాట మార్చి మనల్ని మోసం చేశాడన్నారు. కర్నూలుకు, కలెక్టరు దొరకు అర్జీ పెట్టాలన్నారు. "నువ్వే రాయల్ల పంతులమ్మా. నిన్ను గూడా మోసం చేసినాడు గదా వాడు. వాని ఉద్యోగం ఊడబెరకాల" అన్నాడు మీ చిన్నాయన. ఆదివారం ఆరాధన తర్వాత అర్జీ చదివి వినిపిస్తే అందరూ వేలిముద్రలు వేస్తారు. పేటలో అర్జీ ఎవరు రాసినా నేనే, ఉత్తరం ఎవరికి వచ్చినా చదివేది నేనే. పదహారేళ్ళుగా అలాగే జరుగుతోంది. రంగూను నుంచి వచ్చిన చావు కబురు కూడా నా నోటితోనే విన్నారు. సరే, ఆదివారానికి రాస్తానన్నాను. 

ఇంక దాచలేను. గిడ్డయ్య నన్ను మోసం చేయలేదు. ఏ తెలుగు నోటీసైనా పైకి పంపేముందు ఆయన నా దగ్గరికి తెస్తాడు. "తప్పులుంటే దిద్దండమ్మా" అని తలవంచుకుని నిలబడతాడు. ఈ నోటీసూ తెచ్చాడు. ఎర్ర పెన్సిలు నా చేతిలో ఉంది. 'ఆక్షేపన' అని రాస్తే 'ఆక్షేపణ' అని దిద్దాను. 'గజముల లోపు' దగ్గర చుక్క పెట్టాను. దొడ్డి అనే మాట దగ్గర పెన్సిలు ఆగింది. ముందు 'మరుగు' అని మూడక్షరాలు చేరిస్తే మరుగుదొడ్డి అవుతుంది, అప్పుడు పేటలో పసివాడికైనా అర్థమవుతుంది. పేటవాళ్ళు దీన్ని బందెలదొడ్డి అనుకుంటారని ఆ నిమిషంలోనే నాకు తెలుసు. పక్కన ఖాళీ కూడా ఉంది. నేను చేర్చలేదు. బాగుంది తీసుకుపో అన్నాను.

అంతటితో ఆగినా పొరపాటని చెప్పుకోవచ్చు. గుళ్ళో చదివిన రోజు అందరికంటే ముందు వేలిముద్ర వేయడానికి లేచింది మీ అమ్మ. సిరాలో వేలు ముంచబోతూ ఆగి నా మొహం చూసింది.

"దొడ్డంటే ఎనుములూ గొడ్లూ కట్టేసేదే కదా మణీ?"

"కాగితంలో దొడ్డి అనే ఉంది అత్తా."

నేనన్నది అదే, అక్షరం పొల్లు పోకుండా. అందులో అబద్ధం లేదు. అందుకే ఈ రెండు నెలలూ దాన్ని మోయలేకపోతున్నాను. పిల్లలు ఇలాంటి జవాబు చెప్తే నేను బెంచీ ఎక్కిస్తాను. ఆమె వేలు పట్టుకుని కాగితం మీద నేనే ఒత్తించాను. కొళాయి కోసం చేశానని నాకు నేను చెప్పుకున్నాను. కంపు మన ఇంటికే ముందు వస్తుంది, పేటకంటే ముందు నేనే పీలుస్తాను కదా అనుకున్నాను. నిజం చెప్తే ఒప్పుకోరేమో, ఒప్పుకోకపోతే నీళ్ళు పోతాయి, మళ్ళీ కలరా వస్తుంది అని భయపడ్డాను. ఇవన్నీ నిజాలే. కానీ వీళ్ళకు ఏం తెలుస్తుందిలే, వీళ్ళ మంచి నాకే తెలుసు అని కూడా అనుకున్నాను. మునిసిపాలిటీలో సత్తు లోటాలో కాఫీ తాగి వచ్చి, మనవాళ్ళ దగ్గర నేను చైర్మన్ అయ్యాను. ఇది మీకు రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

గురువారం పెద్దలు వెళ్ళిన వెంటనే అత్తకు చెప్పాను. ఆమె కొర్రలు చెరుగుతోంది. అంతా చెప్పాను, పెన్సిలు సంగతి కూడా. చేట చేతిలో అలాగే ఉంది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. చేట పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది.

"యాబై ఏండ్లు ఆ వంకలో చెలమ తోడి నీళ్ళు మోసినదాన్ని. నీళ్ళ కోసరం ఆ కంపు బరించు అత్తా అంటే నేను వద్దందునా? ఎవురైనా వద్దందురా? నువ్వు అడగల్య మణీ. అడిగింటే ఊ అందును. అడగల్య నువ్వు."

పదకొండు నెలలు కమిటీలో ప్రతి మనిషినీ ఒప్పించడానికి తిరిగాను. ఖాన్ సాహెబు ఇంటికి నాలుగుసార్లు పోయాను. మన పేటవాళ్ళను ఒప్పించవచ్చని, వాళ్ళకూ ఒక బేరం ఉంటుందని, వాళ్ళు కూడా ఇంత ఇచ్చి ఇంత పుచ్చుకోగలరని నాకు తట్టలేదు. ఆమె మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. కాసేపటికి తల ఎత్తకుండా ఇంకో మాట అడిగింది.

"ఇన్నేండ్లు మాకు సదివినవన్నీ ఉన్నెదున్నట్టే సదివినావా?"

అన్నీ ఉన్నవున్నట్టే చదివాను అత్తా, ఇదొక్కటే అన్నాను. నమ్మిందో లేదో నాకు తెలియదు. ఇక తెలుసుకునే దారి కూడా నాకు లేదు.

ఈరోజు ఆరాధన అయ్యాక గుళ్ళో నిలబడి అందరికీ చెప్పాను. అర్జీ రాయలేదు, గిడ్డయ్య తప్పు లేదు, దిద్దినది నేను, దిద్దకుండా వదిలింది నేను అన్నాను. గిడ్డయ్యకు ముగ్గురు పిల్లలు, ఆ ఉద్యోగం తప్ప ఏమీ లేదు. మునిసిపాలిటీకి కూడా అదే రాసి, కమిటీకి రాజీనామా చైర్మన్ గారికి పంపాను. రాజీ పడీ పడీ చివరికి రాజీనామాకు వచ్చానని మీరు నవ్వుకోవచ్చు, నాకు కోపం రాదు.

గుళ్ళో ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. మీ చిన్నాయన, "నీళ్ళు పోతాయా పంతులమ్మా?" అని మాత్రం అడిగాడు. రెండూ ఒకే తీర్మానం కాబట్టి పోయినా పోవచ్చు అన్నాను. అప్పుడు అందరూ మాట్లాడడం మొదలుపెట్టారు. దొడ్డిని ఇంకో నూరు గజాలు తూర్పుకు, తుమ్మచెట్ల అవతలికి జరిపితే చాలు, అటైతే గాలి పేట మీదికి రాదు, కొళాయిలు మాత్రం తీయకూడదు అని ఆడవాళ్ళు పట్టుబట్టారు. పాకీపనికి మన పిల్లలను పిలవకూడదని మగవాళ్ళు చేర్చారు. గంటలో తేలిపోయింది. పదకొండు నెలల్లో మా కమిటీ ఇంత బాగా మాట్లాడడం నేను చూడలేదు.

ఆ మాటలన్నీ అర్జీగా రాసింది విశ్వాసమ్మ. మీకు గుర్తుండే ఉంటుంది, నా దగ్గర ఐదో తరగతి దాకా చదివి పెళ్ళయిపోయిన పిల్ల. గుళ్ళో నేల మీద కూర్చుని, నాలుక కొరుక్కుంటూ రాసింది. తర్వాత చదివి వినిపించింది. మునుపు నేను చదివితే తలలు ఊపేవాళ్ళు. ఈరోజు ఒక్కొక్క మాట దగ్గరా ఆపి, దానికి అర్థమేమి, ఇంకో అర్థముందా అని అడిగారు. 'మనవి' అంటే ఏమని అడిగారు. 'తూర్పు' అంటే ఏ తూర్పు అని అడిగారు. అందులో నాలుగు తప్పులున్నాయి. నేను వెనక వరసలో కూర్చునే ఉన్నాను, దిద్దమని నన్ను ఎవరూ అడగలేదు. విశ్వాసమ్మ ఒకసారి నా వైపు చూసి, మళ్ళీ కాగితంలోకి చూసుకుంది.

మీకు కోపం వస్తే రానివ్వండి, కానీ కోపంతోనైనా జవాబు రాయండి. దవాఖానాలో అందరికీ చెప్పానన్నారే, ఇప్పుడు వాళ్ళకు ఏం చెప్తారో అని కూడా బాధపడుతున్నాను. మీ భార్య ఏమీ సాధించలేదు. నీళ్ళు మాత్రం ఇప్పటికి వస్తున్నాయి.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. శుక్రవారం మీ కార్డు వచ్చింది. పైన అత్త పేరు ఉంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. తలుపు తెరిచే ఉంది. అత్త కార్డు పట్టుకుని లోపలికి రాలేదు. టపా బంట్రోతు ఈరప్పను వాకిట్లోనే నిలబెట్టి, మంచినీళ్ళిచ్చి, చదవమంది. ఆయన కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు. "అమ్మా, జ్ఞానమణి దగ్గరనుంచి పది దినాలుగా ఉత్తరం లేదు, మనసు బాగలేదు. ఈ కార్డు అందగానే జ్ఞానమణి నీకు చదివి వినిపిస్తుంది..." అన్నచోట ఆయన ఆగి, ఇంట్లోకి తొంగి నన్ను చూశాడు.

"ఊ, సదువప్పా" అంది అత్త.

ఇకమీదట ఆమెకు రాసేవి నా ఉత్తరంలో కలపకండి, వేరే కార్డు మీద రాయండి. ఈరప్పకు గొలుసుకట్టు రాత చదవడం రాదు. విడివిడిగా, పెద్ద అక్షరాలతో రాయండి.

ఇట్లు,
మీ భార్య,
రాహేలమ్మగారి కోడలు,
జ్ఞానమణి.